మత్తులో ‘నేను’ ఏమవుతుంది?

దేహవాది: క్లోరోఫామ్ దగ్గర మొదలుపెడదాం. మనసు వేరు, శరీరం వేరు అన్న మాటకు అంతకంటే గట్టి పరీక్ష నాకు కనపడలేదు. హైదరాబాద్‌లో 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వ ఖర్చుతో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫామ్ ముందుగా ఆపేది ఊపిరినా, గుండెనా అన్నది వాళ్ల తగువు. కుక్కల మీద, కోతుల మీద పరీక్షలు చేసి ఊపిరినే అని తేల్చారు. ఆ తీర్పు తర్వాత పూర్తిగా నిలవలేదు, అది వేరే కథ. నాకు కావలసింది వాళ్లెవరూ తగువు పడని విషయం. గుడ్డ మీద కొద్దిగా పోసి ముక్కు దగ్గర పెడితే మనిషి ఉండడు. ఒళ్లు ఉంటుంది, ఊపిరి ఉంటుంది, నాడి కొట్టుకుంటుంది. నొప్పి పడేవాడు, భయపడేవాడు, పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు ఉండడు. ఒక కర్బనం, ఒక హైడ్రోజన్, మూడు క్లోరిన్ పరమాణువులు, అంతే. దేహధర్మాలేవీ అంటనిది అని మీరు చెప్పేదాన్ని ఈ ఆవిరి ఎలా అంటింది?

చైతన్యవాది: బ్రహ్మసూత్ర భాష్యం మూడో అధ్యాయం మూడో పాదంలో శంకరులు ఈ ప్రశ్ననే ఎత్తుకున్నారు. ముందు లోకాయతుల పక్షాన్ని చెప్పారు. విడివిడిగా ఏ దినుసులోనూ లేని మత్తు అవన్నీ కలిసి పులిసినప్పుడు పుడుతుంది. భూతాలు దేహంగా కూడినప్పుడు ఎరుకా అలాగే పుడుతుంది. దేహం ఉంటే ఉంటుంది, లేకపోతే ఉండదు. కాబట్టి అది దేహధర్మమే. మీ మాటే కదా ఇది? దానికి ఆయన జవాబు దీపం. దీపం ఉంటేనే గదిలో వస్తువు కనిపిస్తుంది, ఆరితే కనిపించదు. అంతమాత్రాన చూపు దీపానికి గుణమవుతుందా? ఒకటి ఉంటే రెండోది ఉంది, పోతే పోయింది అన్నంతవరకే మన చేతిలో ఉన్నప్పుడు, మొదటిది రెండోదాన్ని కన్నదా, దానికి పనిముట్టుగా మాత్రమే ఉందా అన్నది తేలదు. క్లోరోఫామ్ దీపాన్ని ఆర్పింది. చూసేవాణ్ణి కూడా ఆర్పిందని మీకెలా తెలుసు?

దేహవాది: ఆ ఉపమానాన్ని చివరిదాకా నడిపించండి. దీపం ఆరిన గదిలో ఉన్నవాడికి చీకటి తెలుస్తుంది. తడుముకుంటాడు, ఎవరినో కేకేస్తాడు. దీపం వేరు, చూసేవాడు వేరు అని మనం ఒప్పుకునేది అందుకే. దీపం పోయాక కూడా వాడు మిగిలి, పోయిందని చెబుతున్నాడు కాబట్టి. ఆపరేషన్ బల్ల మీంచి లేచినవాణ్ణి అడగండి. ఇంతసేపూ చీకట్లో ఉన్నానని అనడు. ఇప్పుడే కదా సూది పొడిచారు, అప్పుడే అయిపోయిందా అంటాడు. మధ్యలో నాలుగు గంటలు గడిచాయి. ఆ నాలుగు గంటలకూ సాక్షి లేడు.

చైతన్యవాది: గాఢనిద్ర నుంచి లేచినవాడు సుఖంగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు అంటాడు. ఆ ఏమీ తెలియకపోవటాన్ని ఎవరో ఎరిగి ఉండాలి. లేకపోతే ఆ జ్ఞాపకం ఎక్కడి నుంచి వచ్చింది? వేదాంతులు అడిగేది ఇదే.

దేహవాది: అది జ్ఞాపకం కాదని నైయాయికులే అన్నారు. లేచాక ఒళ్లు తేలికగా ఉంది, పొద్దెక్కింది, మధ్యలో ఏదీ గుర్తులేదు, కాబట్టి బాగా పడుకున్నాను అని ఊహించి చెప్పే మాట అది. వాళ్లు నా పక్షం వాళ్లు కారు, ఆత్మ ఉందనేవాళ్లే. కాకపోతే ఎరుక దానికి వచ్చిపోయే గుణం, నిద్రలో ఉండదు అన్నారు. ఈ విషయంలో మీ ఇంట్లోనే రెండు మాటలున్నాయి.

చైతన్యవాది: ఉన్నాయి, నిద్ర వాదాన్ని పట్టుకుని వేలాడను. కానీ గుర్తులేదు కాబట్టి అనుభవమే లేదు అన్నారే, అక్కడ మీ కాలు జారింది. 1977లో టన్‌స్టాల్ అనే మత్తువైద్యుడు సిజేరియన్ చేయించుకునే తల్లుల మీద ఒక పద్ధతి వాడాడు. కండరాలను కదలనివ్వని మందు ఎక్కించే ముందు ఒక చేతికి పట్టీ బిగించి, ఆ మందు ఆ చేతిలోకి పోకుండా ఆపాడు. ఒళ్లంతా కదలలేకపోయినా ఆ చెయ్యి కదలగలదు. నా మాట వినపడితే వేళ్లు నొక్కండి అని చెప్తే కొందరు నొక్కారు. తర్వాత ఈ పద్ధతిని ఇంకా చాలామంది వాడారు. అలా నొక్కినవాళ్లలో ఎక్కువమందికి లేచాక ఏమీ గుర్తులేదు. వాళ్లను అడిగినా మీరు చెప్పిన జవాబే వస్తుంది. కానీ ఆ సమయంలో అక్కడ ఒకరున్నారు, మాట విన్నారు, వేళ్లు నొక్కారు.

దేహవాది: సరే. సాక్ష్యం లేదు కాబట్టి సాక్షి లేడు అన్న వాదాన్ని వదులుకుంటున్నాను. మత్తువైద్యులు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోరు. అయినా చూడండి, ఆ చేతులు నొక్కింది మందు చాలక. మోతాదు పెరిగితే ఆ వేళ్లూ ఆగుతాయి. ఎటు తిప్పినా లెక్క మెదడు దగ్గరికే వస్తోంది. ఆవిరి సంగతి అలా ఉంచి అన్నం చూడండి. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో పదిహేను రోజులు తిండి మాన్పిస్తాడు, నీళ్లు మాత్రం తాగమంటాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్కటీ తోచదు. అన్నం తిన్నాక అన్నీ వస్తాయి. మనసు అన్నంతో అయినది అని తండ్రి అప్పుడు నేర్పుతాడు. ఉపనిషత్తులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. అడిగిన ప్రశ్నకు ఉపదేశం కాకుండా పరీక్ష పెట్టాడు.

ఆ పరీక్ష మన నేల మీద ఎవరూ కోరకుండానే జరిగింది. జొన్న మీదే బతికిన పేదలకు దక్కన్‌లో పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఆపైన మనసు చెదురుతుంది. దిగులు, చిరాకు, తికమక, ముదిరితే మతి చలించటం. తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయిన హైదరాబాద్ ప్రయోగశాలలో సి. గోపాలన్ బృందం దీన్ని పట్టుకుంది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ కారణం కావచ్చని 1960లో చెప్పింది. కారణం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి, వైద్యం మీద నడవలేదు. నియాసిన్ అందితే తేరుకుంటారు. ఒక విటమిన్ కరువైతే చెదిరిపోయి, అందగానే కుదురుకునే ఆ ‘తను’ దేహం కాకపోతే మరేమిటి?

చైతన్యవాది: మనసు మొత్తం మీకే ఇచ్చేస్తాను. జ్ఞాపకం, స్వభావం, తెలివి, కోపం, అన్నీ తీసుకోండి. సాంఖ్యులు ఎప్పుడో ఇచ్చేశారు. బుద్ధి, అహంకారం, మనసు, మూడూ ప్రకృతిలోనివే అన్నారు, అంటే మట్టీ నీళ్లూ ఉన్న వైపే. మీకు ఇష్టమైన ఆ ఉద్దాలకుడు అదే అధ్యాయంలో కొడుక్కి ‘ఆ ఆత్మే నువ్వు’ అనే మహావాక్యం ఉపదేశించాడు. మనసు అన్నమయం అన్న మాటకూ దానికీ ఆయనకు పేచీ కనపడలేదు. మనసుకూ దేహానికీ మధ్య గీత గీసినవాడు ఫ్రెంచ్ తాత్వికుడు డెకార్ట్, 1641లో. ఆలోచించేదంతా ఒక వైపు, చోటు ఆక్రమించేదంతా మరో వైపు అన్నాడు. రెండేళ్లకే, 1643 మేలో, హేగ్‌లో ప్రవాసంలో ఉన్న బొహీమియా రాజకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసింది. అప్పటికి ఆమెకు ఇరవైనాలుగేళ్లు. ఒకదాన్ని కదిలించాలంటే తాకాలి, తోయాలి. చోటే ఆక్రమించని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుందని అడిగింది. ఆయన తిప్పి తిప్పి చెప్పాడు. ఆ రెండింటి కలయికను తర్కంతో కాక రోజువారీ బతుకులో తెలుసుకోవాలన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆత్మకూ పదార్థం ఉందని ఒప్పుకోవటమే తనకు ఇంతకంటే సులువన్నది. ఆ ఉత్తరాల్లో గెలిచింది ఆమేనని నా నమ్మకం. డెకార్ట్ గీతను నేను కాపాడను. నేను వేరంటున్నది మనసును కాదు. ఆ మనసు ఎవరికి తెలుస్తోందో ఆ తెలియటాన్ని.

దేహవాది: మీరు ఇచ్చింది చాలా పెద్దది. మిగుల్చుకున్నది మరీ చిన్నదేమో చూసుకోండి. జ్ఞాపకం లేదు, స్వభావం లేదు, సంకల్పం లేదు. మా అమ్మను మా అమ్మగా చేసినవేవీ ఆ సాక్షిలో లేవు. చనిపోయినవాళ్లు ఏదో రూపంలో ఉన్నారన్న ఊరట కోసం జనం ఆత్మను నమ్ముతారు. మీ సాక్షి ఆ ఊరట కూడా ఇవ్వదు. అదలా ఉంచండి. ఎలిజబెత్ ప్రశ్న మిమ్మల్నీ వదల్లేదు, దిశ మార్చుకుని వస్తుంది. మీ సాక్షి చూస్తుంది, ఏమీ చేయదు. మరి నాకు ఎరుక ఉంది అని మీ నాలుక కదిలినప్పుడు దాన్ని కదిలించిందేది? కండరం, దాని వెనక నరం, దాని వెనక మెదడు. సాక్షి కాదు. అంటే సాక్షి లేకపోయినా మీరు ఈ వాదాన్ని ఇదే గొంతుతో, ఇదే పట్టుదలతో చేసేవారు. సాక్షి ఉందన్న మాట సాక్షి వల్ల పుట్టనప్పుడు ఆ మాటను నేనెందుకు నమ్మాలి?

చైతన్యవాది: నా పక్షం మీద పడే దెబ్బల్లో ఇదే బరువైనది. సాంఖ్యులు పురుషుడని పిలిచే ఆ సాక్షి, ఏమీ చేయని ఉదాసీనుడు, ప్రకృతిని ఎలా కదిలిస్తాడని శంకరులే వాళ్లను నిలదీశారు, అయస్కాంతం ఇనుమును లాగినట్టు అంటే కుదరదన్నారు. రెండోదే లేదనటం ఆయన దారి. ఆ దారిలో ప్రశ్న కరిగిపోతుంది గానీ, కరిగిపోయిన ప్రశ్నకు జవాబు దొరికిందని నేను అనలేను. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ మీ దగ్గరా ఒకటి లేదు. పంటినొప్పి తీసుకోండి. ఏ నరం, ఏ వేగం, మెదడుకాండం మీదుగా మెదడులో ఏ చోటికి, ఏ రసాయనం, అన్నీ చెప్పండి. మీరు చెప్పిన ప్రతి వాక్యమూ ఏది దేన్ని కదిలించిందో చెబుతుంది. ఇంత కదలిక ఎవరికో నొప్పిగా ఎందుకు ఉండాలి? నొప్పి లేకుండానే ఆ కదలికలన్నీ జరిగి, చెయ్యి దవడ మీదికి పోవచ్చు కదా? పుట్టిన దగ్గర్నుంచీ నలుపు తెలుపుల గదిలో పెరిగి, రంగుల శాస్త్రమంతా చదువుకున్న మనిషిని ఊహించమన్నాడు తాత్వికుడు ఫ్రాంక్ జాక్సన్, 1982లో. ఆమె బయటికొచ్చి మొదటిసారి ఎరుపు చూసినప్పుడు కొత్తగా ఏదో తెలుస్తుంది. అన్నీ చదివినా తెలియనిది ఒకటి మిగిలి ఉందన్నమాట.

దేహవాది: ఆ జాక్సనే తర్వాత ఆ వాదాన్ని విడిచిపెట్టాడు, నేను ఇందాక అడిగిన ప్రశ్న వల్లే. ఎరుపు అనుభవం లోకంలో దేన్నీ కదిలించలేనిదైతే, అది తనకు కలిగిందన్న జ్ఞానం దాని వల్ల పుట్టే వీల్లేదు కదా. ఇంకొకటి. ప్రాణం విషయంలోనూ ఒకప్పుడు ఇలాగే అన్నారు. జడపదార్థం నుంచి జీవం ఎలా వస్తుంది, ఏదో ప్రాణశక్తి వేరే ఉండాలన్నారు. 1828లో రసాయన శాస్త్రవేత్త వోలర్ ప్రయోగశాలలో యూరియా చేశాడు. 1953కి డీఎన్‌ఏ నిర్మాణం తెలిసింది. ఇవాళ ప్రాణశక్తి ఏదని జీవశాస్త్రంలో ఎవరూ అడగరు. ఎవరూ దాన్ని ఖండించలేదు, దాని అవసరమే పోయింది. ఎరుక విషయంలో మనం ఇంకా 1828కి ముందే ఉన్నాం.

చైతన్యవాది: ప్రాణం గురించి అడిగిన ప్రశ్నలన్నీ పనుల గురించి. ఎలా పెరుగుతుంది, ఎలా తనలాంటిదాన్ని పుట్టిస్తుంది, గాయం ఎలా మానుతుంది? పనికి యంత్రాంగం చూపిస్తే ప్రశ్న తీరుతుంది. నొప్పి పని కాదు. నొప్పి చేయించే పనులన్నిటికీ యంత్రాంగం చూపించాక కూడా నొప్పి మిగిలే ఉంటుంది. మీరు అంత ధీమాగా ఉంటే, 1998లో మెదడు శాస్త్రవేత్త క్రిస్టోఫ్ కాక్ వేసిన పందెం గుర్తు చేసుకోండి. ఎరుకకు గుర్తుగా మెదడులో ఏ కణాల ఏ కదలిక ఉందో ఇరవైఐదేళ్లలో తేలుతుందని తాత్వికుడు డేవిడ్ చామర్స్‌తో పందెం కట్టాడు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఓడిపోయానని ఒప్పుకున్నాడు. నేను అడుగుతున్న ‘ఎందుకు’కు కాదు ఆ పందెం, ‘ఎక్కడ’కే.

దేహవాది: ఓడిపోయాడు, నిజమే. పందెం గడువు దాటింది, పని ఆగలేదు. మీ మాటలో ఒక్కటి మాత్రం నేను తోసిపుచ్చలేను. పెల్లాగ్రాకూ మతి చలించటానికీ సంబంధం చూపించగలను. ఆ చలించటం లోపల నుంచి ఎలా ఉంటుందో నా లెక్కలో ఎక్కడా రాదు. ఒప్పుకుంటాను. కానీ నేను ఈ వైపు ఎందుకు నిలబడ్డానో అది కూడా వినండి. ఉన్నట్టుండి ఒక అమ్మాయి అరుస్తుంది, లేనివాళ్లతో మాట్లాడుతుంది, ఒళ్లు వంకర్లు పోతుంది. దయ్యం అన్నారు, పిచ్చి అన్నారు, కట్టేశారు. 2007లో నాడీవైద్యుడు జోసెప్ డాల్మౌ బృందం ఇలాంటి కొందరు స్త్రీల అండాశయాల్లో కణితి ఉందని, దాని వల్ల ఒళ్లే తయారుచేసుకున్న ప్రతిదేహాలు మెదడులోని ఒక గ్రాహకం మీద పడుతున్నాయని చూపింది. కణితి తీసి, రోగనిరోధక వ్యవస్థకు వైద్యం చేస్తే వాళ్లలో చాలామంది కోలుకున్నారు. మనసు వేరే అని నమ్మే ఇంట్లో ఇలాంటి అమ్మాయికి మొదట దొరికేది తాయెత్తు, తర్వాత నింద. దిగులుతో మంచం పట్టినవాణ్ణి మనసు దిటవు చేసుకో అంటారు. విరిగిన కాలును దిటవు చేసుకోమని ఎవరైనా అంటారా? మనసు దేహమే అని నమ్మటం నాకు సిద్ధాంతం మాత్రమే కాదు. మనిషి మీద పడే నిందను తీసేసే దారి అది.

చైతన్యవాది: ఆ అమ్మాయి విషయంలో నేను పూర్తిగా మీ పక్కనే ఉన్నాను. కానీ దేహం లెక్కలు కూడా మనుషుల్ని గాయపరిచాయి. 1980ల దాకా చాలాచోట్ల పసికందులకు సరైన మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేశారు. వాళ్ల నరాలకు తొడుగు ఇంకా పూర్తిగా ఏర్పడలేదు, మెదడు పండలేదు, కాబట్టి నొప్పి తెలియదు అన్నారు. కదలకుండా మందు ఇచ్చారు. ఏడవలేని బిడ్డ, కదలలేని బిడ్డ. మీ దేహం లెక్కల పుస్తకం చదివి, లోపల ఎవరూ లేరని తేల్చినవాళ్లు చేసిన పని అది. తప్పు చదివారు అంటారు మీరు. తప్పు చదవటానికి వీలెందుకు కలిగిందంటే, అనుభవం ఆ పుస్తకంలో రాసి ఉండదు కాబట్టి.

దేహవాది: దాన్ని సరిదిద్దింది కూడా దేహం లెక్కే. 1987లో వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు నెలలు నిండని శిశువుల మీద పరీక్షించి చూపించారు. నొప్పి తెలియనివ్వని ఫెంటానిల్ మందు ఇచ్చిన బిడ్డలకంటే ఇవ్వని బిడ్డల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు బాగా ఎక్కువగా పెరిగాయి. సాక్షి వచ్చి చెప్పలేదు, రక్తం చెప్పింది. పైగా జంతువులకు ఆత్మ లేదు, అవి యంత్రాలు అన్న డెకార్ట్ మాట పట్టుకుని ఆయన అనుచరులు కుక్కల్ని బతికుండగానే కోశారని మీకు తెలుసు. చేతిలో ఆత్మ అనే కొలత ఉన్నవాడు అది ఎవరికి లేదో కూడా నిర్ణయిస్తాడు.

చైతన్యవాది: డెకార్ట్ అనుచరుల కుక్కల గురించి నేను చెప్పగలిగే సమర్థన లేదు. కానీ రక్తం చెప్పింది అన్నారు. రక్తం చెప్పింది హార్మోన్ పెరిగిందని. అది నొప్పి అని చెప్పింది మీరు. మీకు నొప్పి ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, ఆ అంకె వెనక ఒక బిడ్డను చూడగలిగారు. ఆ ఒక్క అడుగు ఏ పరికరమూ వేయలేదు.

దేహవాది: ఆ అడుగు వేయటానికి పరికరాలు నేర్చుకుంటున్నాయి. 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ ప్రచురించిన కేసు చూడండి. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని, ఐదు నెలలుగా కళ్లు తెరిచినా దేనికీ స్పందించని ఇరవైమూడేళ్ల యువతి. స్కానర్‌లో ఉంచి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు, తర్వాత ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో వెలిగిన చోట్లే ఆమె మెదడులోనూ వెలిగాయి. ఇంట్లోవాళ్లకూ డాక్టర్లకూ దొరకని మనిషి మెదడులో దొరికింది.

చైతన్యవాది: దొరికింది, నాకూ సంతోషమే. కానీ స్కానర్ ఆమెను పట్టుకున్నది ఎరుకను చూసి కాదు, ఆమె చెప్పిన పని చేసింది కాబట్టి. టన్‌స్టాల్ పరీక్షలోని చేతివేళ్లకు బదులు ఇక్కడ మెదడు నొక్కింది. చెప్పిన పని చేయలేనివాళ్ల మాటేమిటి? మాట అర్థం కానివాళ్లు, మనసు నిలపలేనివాళ్లు, స్కాన్ ఖాళీగా వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లలో ఎవరూ లేరని అంటారా?

దేహవాది: అనను. పరీక్ష చాలలేదు అంటాను. ఇప్పుడు నేను అడుగుతాను. మన రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం కింద అవయవదానాలు జరుగుతున్నాయి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడుకాండం చనిపోయిందని వైద్యుల బోర్డు పరీక్షిస్తుంది, కనీసం ఆరు గంటల తేడాతో మళ్లీ పరీక్షిస్తుంది. వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. మీవాళ్లకే అలా అయితే సంతకం పెడతారా?

చైతన్యవాది: పెడతాను.

దేహవాది: నా లెక్క మీద పెడుతున్నారు.

చైతన్యవాది: మీ లెక్క మీదే. అంతకంటే మంచి లెక్క మనిషి దగ్గర లేదు. కానీ ఆ సంతకం ఎందుకు న్యాయమో ఒక్కసారి చెప్పండి. గుండె ఆడుతున్న ఒంటిని కోయటం తప్పు కాదని ఎందుకంటున్నారు? అక్కడ నొచ్చుకునేవారు ఎవరూ లేరు కాబట్టి. మెదడుకాండం ఆ విషయానికి గుర్తు, ఆ విషయమే కాదు. మరి ఆ ఖాళీ స్కాన్ మనిషి కాలికి పుండు పడి కోయాల్సి వస్తే మత్తు ఇస్తారా?

దేహవాది: ఇస్తాను. తప్పకుండా.

చైతన్యవాది: ఏ లెక్కన? మీ స్కాన్ ఖాళీ అంది.

దేహవాది: నొప్పి ఉండొచ్చు అన్న లెక్కన. ఉందని రుజువు చూపమని ఆ మనిషిని అడగను. అలాగని అది దేహానికి వేరుగా ఎక్కడో ఉందని దీని నుంచి రాదు. నాకు తెలిసింది తక్కువ అనే వస్తుంది.

చైతన్యవాది: తక్కువైంది మీకు తెలిసిందా, తెలుసుకునే మీ పద్ధతా? ఇంకో వందేళ్లు కొలిచినా బయటి నుంచే కొలుస్తారు.

దేహవాది: పద్ధతే అని రుజువయ్యేదాకా తెలిసిందే తక్కువంటాను. కొలుస్తూ ఉంటాను.

చైతన్యవాది: కొలవండి. ప్రతి కొత్త కొలత దగ్గరా నేను ఇదే అడుగుతాను, అది ఎవరికి తెలుస్తోందని.